బోర్లించని గంపలు

హస్త కార్తె, ఆదివారం

నీళ్ళ మీద తేలే ఏడులంకల దేశానికి ఇవాళ చక్రం పట్టే కొత్త సరంగు వచ్చింది. వచ్చారు అని రాయడం మర్యాద. చెయ్యి రావడం లేదు.

పేరు మంగతాయారు. నా కూతురి ఈడుది. నిన్నటిదాకా బడిలంకలో పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించిన పంతులమ్మ. కుర్రకారంతా ఏకమై ఓట్లు గుద్దేసి గెలిపించారు. పోయిన పెద్దాయన, పాత సరంగు భీమశంకరం గారు ముప్పై ఏళ్ళు పట్టిన చక్రం ముందు నిలబడి, పెద్దలందరూ వింటుండగా, "దీన్ని కుడికి తిప్పితే దేశం కుడికే పోద్దాండి?" అని అడిగింది. గది గదంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

నేను వరహాలమ్మని. నడిమిలంక మీది చుక్కాని గదిలో దినచర్య రాస్తాను, దుర్భిణి పట్టుకుని గంపలు చూస్తాను. సరంగు ఉత్తరువు ఇస్తే నడిమిలంక మీద దాని పాట కొమ్ములో ఊదుతారు, పాట లేనిదైతే పడవలో కబురు పంపుతారు. అది అందగానే ఒక్కో లంకవాళ్ళు తమ స్తంభం మీదికి సున్నం పూసిన పెద్ద గంప ఎత్తుతారు. గంప నిలువుగా ఉంటే అలాగేనని, బోర్లా ఉంటే మావల్ల కాదని అర్థం. అలా అని చిన్నప్పుడు చదువుకున్నాను గానీ బోర్లా గంపను ఈ కళ్ళతో ఎన్నడూ చూడలేదు. మా దేశంలో గంప బోర్లించేది కోళ్ళను కమ్మడానికే.

కొత్త సరంగుకి స్వాతి కార్తె వెళ్ళేదాకా పరీక్ష. నేల మునిగి మేం నీళ్ళ మీదికి వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. గడువు తీరాక సభలో, పక్కనే ఉండి అన్నీ చూసిన మనిషి, అంటే దినచర్య రాసే నేను, లేచి నిలబడి సరంగు అనుభవం చాలునో చాలదో ఒక్కమాటలో చెప్పాలి. పూర్వం అయితే చాలదంటే మళ్ళీ ఎన్నిక పెట్టేవారు. ఇప్పుడు ఆ అవసరం లేదు, పెట్టె ఉంది. చాలదన్న మరుక్షణం చక్రం పెట్టెకు అప్పగిస్తారు.

ఏం చెప్పాలో నాకు ఇవాళే తెలిసిపోయింది.


హస్త కార్తె, బుధవారం

పెట్టె సంగతి రాయాలి. భీమశంకరం గారు పోయేముందు రెండేళ్ళపాటు ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన ఇచ్చిన ప్రతి ఉత్తరువునీ, దానికి లంకలు ఎత్తిన ప్రతి గంపనీ అందులోకి ఎక్కించారు. ఇప్పుడది ఆయన గొంతుతోనే మాట్లాడుతుంది. పొద్దున్నే గది ఊడుస్తుంటే "వరాలూ, మోకాళ్ళెలా ఉన్నాయి?" అంటుంది. ఆయన అడిగినట్టే. మొదటిరోజు చీపురు పట్టుకునే ఏడ్చాను.

ఉపసరంగు గంగరాజు గారు రోజూ దాని ముందు కూర్చుని కాఫీ తాగుతారు. పాతికేళ్ళు పెద్దాయన పక్కన నిలబడ్డ మనిషి. సరంగు ఉత్తరువు చదివి కొమ్ము ఊదించేది ఈయనే. ఇంతవరకు ఏ ఉత్తరువుకీ ఎందుకని అడిగి ఎరగరు. ఆ పిల్ల గదిలోకి రాగానే గ్లాసు కింద పెట్టి లేచి నిలబడతారు, కానీ మొహం పెట్టె వైపే ఉంటుంది.

మంగతాయారు కూడా పెట్టె చెప్పేదంతా శ్రద్ధగా వింటుంది. విని ఊరుకోదు.

"గాలివాన వస్తే లంకలన్నిటినీ నడిమిలంకకి గొలుసులతో కట్టెయ్యాలి. ఎప్పుడూ అంతే" అంది పెట్టె ఇవాళ.

"ఎందుకండి?" అంది ఈ పిల్ల.

"ఎప్పుడు కట్టమన్నా ఆరు గంపలూ నిలువుగానే లేచాయి. ఎప్పుడూ మునగలేదు."

ఆ మాత్రం జవాబు నాకు చాలు. ఆవిడకి చాలలేదు. నా వైపు తిరిగి, "పిన్నిగారూ, ఒక్కసారైనా ఎవరూ బోర్లించలేదాండీ?" అని అడిగింది.

"ఆయన మాట కాదనేవాళ్ళు ఈ దేశంలో పుట్టలేదు తల్లీ" అన్నాను గర్వంగా.


చిత్త కార్తె, శుక్రవారం

చేతులు కాల్చుకుంది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి తూర్పు నుంచి ఈదురుగాలి లేచింది. తుపాను కాదు, ఒట్టి గాలివాన. పెట్టె కట్టమంది. గంగరాజు గారు కొమ్ము ఊదేవాణ్ణి పిలిచారు. ఈ పిల్ల కిటికీలోంచి చూసి, అల మీద మేకలంక ఎగిరెగిరి పడుతోందనీ, దాన్ని దగ్గరికి లాగితే పైరులంకను గుద్దేస్తుందనీ అనుకుంది. మేకలంకను లంగరు విప్పి దూరంగా వదిలెయ్యమని ఉత్తరువు ఇచ్చింది. మేకలంక మీద గంప వెంటనే లేచింది, నిలువుగా.

గాలి తగ్గాక చూస్తే మేకలంక కనుచూపు మేరలో లేదు. సాయంత్రానికి దొరికింది. నీటిలో మునిగిన పాత మేడల మీదికి కొట్టుకుపోయి, ఒక పక్క చీరుకుపోయి ఉంది. సగం మేకలు పోయాయి. గవర్రాజు అనే ఆయన చెయ్యి విరిగింది.

గంగరాజు గారు నాతో ఒక్కమాటే అన్నారు. "పెద్దాయన ఉంటే?"

ఆ పిల్ల మూల స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. కోపం రావాల్సింది. పాపం అనిపించింది.


చిత్త కార్తె, శనివారం

సరంగు తప్పు చేస్తే లంకకి కబురు పంపించడం ఆనవాయితీ. ఈవిడ పడవెక్కి తానే బయలుదేరింది. నన్నూ రమ్మంది. మోకాళ్ళ నొప్పులన్నాను. "ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉందండి" అంది. ఒక దేశపు సరంగు అలా అనొచ్చా? పడవెక్కాను.

మేకలంకకి పెద్ద పల్లాలమ్మ, గవర్రాజు పెళ్ళాం. నోట్లో నోరు పెట్టి నెగ్గలేం. చచ్చిన మేకల్ని వరసగా పడుకోబెట్టి, కొంగు నడుముకి చుట్టి, మా కోసమే నిలబడి ఉంది. మంగతాయారు పడవ దిగి, "తప్పు నాదేనండి. నాకు తెలీక విప్పమన్నాను" అంది.

అంతే. పల్లాలమ్మ అందుకుంది. "తెలీకపోతే ఎందుకెక్కావమ్మా ఆ కుర్సీ? ఎక్కాలు సెప్పుకోక! సూడు, ఇది సూడిమేక. దీని ఉసురు ఎవరికి తగులుద్ది?"

తిట్టింది తిట్టకుండా తిట్టింది. ఈ పిల్ల తలదించుకుని అంతా విని, ఆఖరున అడిగింది. "విప్పితే ప్రమాదమని మీకు ముందే తెలుసాండీ?"

"ఆయ్, ఎందుకు తెలవదు? ఈ గాలికి మేమెప్పుడూ పైరులంక సాటుకెళ్ళి లంగరేసుకుంటాం."

"మరి గంప నిలువుగా ఎత్తారేంటండి?"

పల్లాలమ్మ నోరు టక్కున మూతపడింది. ఆ నోరు మూతపడటం అదే మొదటిసారి చూశాను. నెమ్మదిగా అంది. "కొత్తదానివి. ఆడపిల్లవి. మొదటి మాటకే కాదంటే ఏం బాగుంటదమ్మా? సిన్నబుచ్చుకుంటావని."

నా నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. మంగతాయారు ఇంకా మెల్లగా అడిగింది. "పెద్దాయన కట్టమన్నప్పుడు కట్టేవారాండీ?"

పల్లాలమ్మ నా వైపు చూసి కొంగు సర్దుకుంది. "ఏం కడతామండి. గొలుసు తగిలించే కడియం ఊడి ఎన్నేళ్ళయిందో. మా అత్తగారి రోజుల్లోనే ఊడింది. ఆయన అంత పెద్దాయన, కట్టమన్నాక కట్టలేమంటే ఆయన మనసు కష్టపడదూ? గంపెత్తేసి, మా మానాన మేం సాటుకి పోయేవాళ్ళం."

తిరుగు ప్రయాణంలో పైరులంక దగ్గరా, ఉప్పులంక దగ్గరా పడవ ఆపించింది. ఉప్పులంక వాళ్ళ గొలుసు తుప్పు పట్టి పొడుమైపోయింది. పైరులంక వాళ్ళు సగం గొలుసు కోసి పిల్లలకి ఉయ్యాల వేశారు. ఎవర్ని అడిగినా ఒకటే మాట, ఆయన బాధపడతారని. ముప్పై ఏళ్ళపాటు ఆ మహానుభావుడు దేశమంతా కట్టానని నమ్మి ధైర్యంగా చక్రం పట్టుకున్నాడు. గంపలు లేచాక వాన కమ్మేసి ఏమీ కనపడేది కాదు; ఆయన అనుభవం అంతా ఆ గంపల లెక్కే. పెట్టెలోకి ఎక్కింది కూడా అదే. ప్రేమ కొద్దీ చేశారు, కాదనను. కానీ ఆయన మీద ఇంత జాలి ఆయన పోయిన రోజున కూడా కలగలేదు నాకు.


చిత్త కార్తె, గురువారం

చెయ్యలేని పని అయితే గంప బోర్లించమని మంగతాయారు ఆరు లంకలకీ చెప్పించింది. అందరూ అలాగేనన్నారు. ఒక్కరూ బోర్లించలేదు. ఉప్పులంకను గొలుసుతో కట్టుకోమంటే, గొలుసే లేని ఆ ఉప్పులంక నిమిషంలో గంప నిలువుగా ఎత్తింది.

"బడిలోనూ ఇంతేనండి పిన్నిగారూ" అంది. "అర్థమయిందా అంటే అయింది టీచర్ అంటారు. మొహమాటం. అప్పుడు నేనేదో తిక్క ప్రశ్న వేసేదాన్ని. నవ్వు ఆపుకోలేక నోరు తెరిచేవాళ్ళు."

సోమవారం సాయంత్రం కొమ్ము ఊదించి ఉత్తరువు ఇచ్చింది. సూర్యుణ్ణి కాసేపు అస్తమించకుండా ఆపండి.

గంగరాజు గారు ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడిపోయారు. పాపం, ఎలాంటి ఉత్తరువైనా చదవాల్సిందే కదా, చదివారు. నేను దుర్భిణి పెట్టుకుని చూశాను. ఒకటి, రెండు, మూడు... ఆరు గంపలూ నిలువుగా లేచాయి! సూర్యుడు మాత్రం తన దారిన తాను మునిగిపోయాడు.

పగలబడి నవ్వాను. నడుం పట్టేసింది. గంగరాజు గారికి నవ్వు రాలేదు. "దేశాన్ని బొమ్మలాట చేస్తున్నారు" అని గది దాటి వెళ్ళిపోయారు.

మర్నాడు మేకలకి పాయసం వండి పెట్టమంది. ఆ మర్నాడు లంకల్లో మగాళ్ళందరినీ జడలు వేసుకు రమ్మంది. గంపలు నిలువుగానే లేస్తున్నాయి గానీ, లేచేముందు కాస్త తటపటాయిస్తున్నాయి. లంకల మీద జనం గుమిగూడి నవ్వుకోవడం దుర్భిణిలో కనిపిస్తోంది.

ఇవాళ సముద్రంలో ఉప్పంతా సాయంత్రంలోగా తోడెయ్యమంది. చాలాసేపు ఏ స్తంభం మీదా ఏమీ కదల్లేదు. చివరికి మేకలంక మీద గంప మెల్లగా పైకొచ్చింది. సగం దాకా వచ్చి ఆగింది. కిందికి దిగింది. మళ్ళీ లేచింది, ఈసారి బోర్లా.

కిటికీ దగ్గర మంగతాయారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కళ్ళు తుడుచుకుంటూ దినచర్యలో రాశాను. మేకలంక, కాదు.


స్వాతి కార్తె, గురువారం

తుపాను వచ్చి వెళ్ళింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి.

తెల్లారేసరికి ఆకాశం ఇత్తడి రంగుకి తిరిగింది. పెట్టె కట్టమంది. అందరం ఆమె వైపు చూశాం. మేకలంక సంగతి అయ్యాక తన తెలివి మీద ఆమెకే నమ్మకం పోయింది. కట్టలేనివాళ్ళు బోర్లిస్తారులే అని, కట్టమంది.

గంపలు లేచాయి. మేకలంక బోర్లా. ఉప్పులంక బోర్లా. పైరులంక బోర్లా. మూడు లంకలు కాదన్నాయి. బడిలంకా, మిగతా రెండూ నిలువుగా ఎత్తి దగ్గరికి వచ్చేస్తున్నాయి.

"మూడు లంకలు మాట వినకపోతే దేశం నడపడమెలా?" గంగరాజు గారి గొంతు కీచుమంది. జన్మలో ఆయన అలాంటిది చూడలేదు. పెట్టె వైపు తిరిగి చేతులు జోడించారు. "అయ్యా, మూడు బోర్లించాయి. ఏం చెయ్యమంటారు?"

పెట్టెలోంచి భీమశంకరం గారి చల్లని గొంతు వినిపించింది. "వరాలూ, గంపలు సరిగ్గా చూడు."

"చూశానండి" అన్నాను.

"సరిగ్గా చూడు. బోర్లా ఉండవు." మళ్ళీ అదే. మళ్ళీ అదే. అది ఎన్నడూ ఎరగని సంగతిని ఎలా నమ్ముతుంది? గంగరాజు గారు జోడించిన చేతులు కిందికి దించేసి, గోడకి చేరగిలబడి కూర్చుండిపోయారు.

మంగతాయారు బయటికి పరిగెత్తి రెయిలింగు మీద నుంచి వంగి వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"నాకు తెలీదు పిన్నిగారూ. ఏం చెయ్యాలో నిజంగా తెలీదు. వాళ్ళనే అడుగుతాను."

సరంగు లంకల్ని అడగడమన్నది మా దేశంలో లేదు. దానికి కొమ్ము పాట కూడా లేదు. బడిలో పిల్లల్ని పిలిచే పాట ఊదించింది. పడవల వాళ్ళని పంపించింది, మీరెప్పుడూ ఏం చేస్తారో ఈసారీ అదే చెయ్యండి, కానీ ఏం చేస్తున్నారో నాకు చెప్పండి అని. పల్లాలమ్మ నుంచి కబురు వచ్చింది, పైరులంక చాటుకి పోతున్నాం, నడిమిలంక అడ్డు జరగమనండి అని. దేశపు సరంగుని అడ్డు జరగమంది! ఈ పిల్ల చక్రం పట్టుకుని జరిగింది. కుడికి తిప్పాల్సింది ఒకసారి ఎడమకి తిప్పింది. ఆ దెబ్బకి బడిలంక అంచు మా అంచుకి తగిలి వంటశాల కూలిపోయింది. అదృష్టం కొద్దీ అందులో ఎవరూ లేరు. గంగరాజు గారు లేచి వచ్చి మాటా పలుకూ లేకుండా చక్రం రెండోవైపు పట్టుకున్నారు.

మధ్యాహ్నానికి గాలి దాటిపోయింది. వంటశాల పోయింది. ఉప్పంతా కరిగిపోయింది. మనుషులందరూ ఉన్నారు. పైరులంక చాటులోంచి మేకలంక ఊగుతూ బయటికొచ్చినప్పుడు లెక్క మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.


స్వాతి కార్తె, చివరి రోజు

సభకి ముందు మంగతాయారు నా గదికొచ్చింది. మోకాళ్ళకి రాసుకోమని నూనె సీసా తెచ్చింది. వద్దన్నాను. లంచం అంటారు. నవ్వి కొంగులో పెట్టుకుంది.

"పిన్నిగారూ, ఇవాళ మొహమాటపడకండి" అంది. "మీరు గంప నిలువుగా ఎత్తితే ఈ నెలంతా నేను చేసింది బూడిదలో పోసినట్టే."

"చాలదంటే నీ చక్రం పోతుందే అమ్మాయ్!" మొదటిసారి నోరు జారి అమ్మాయ్ అనేశాను.

"తెలుసండి" అంది. ఆ చక్రం ఆవిడకి కావాలి. ఎంత కావాలో నాకు తెలుసు.

సభ నిండా జనం. పల్లాలమ్మ విరిగిన చేతి మొగుణ్ణి వెంటేసుకుని ముందు వరసలో కూర్చుంది. పద్ధతి ప్రకారం గంగరాజు గారు అడిగారు. "దినచర్య రాసే వరహాలమ్మ గారూ. సరంగు మంగతాయారు గారి అనుభవం చాలునా, చాలదా?"

లేచి నిలబడ్డాను. ఆ పిల్లంటే నాకు ప్రాణం అయిపోయింది. చాలును అంటే చాలు, ఒక్కమాటతో అంతా సవ్యం. నోటి చివరిదాకా వచ్చింది కూడా. మేకలు గుర్తొచ్చాయి. ఎడమకి తిరిగిన చక్రం గుర్తొచ్చింది. ఆ రోజు కిటికీ దగ్గర చప్పట్లు కొట్టిన మొహం గుర్తొచ్చింది.

"చాలదు" అన్నాను.

కూర్చుండిపోయాను. మంగతాయారు నన్ను చూసి తలాడించింది. కళ్ళనిండా నీళ్ళు. కోపం లేదు.

ఇక ఉత్తరువు చదవడమే మిగిలింది. 'చక్రాన్ని పెట్టెకు అప్పగించవలసింది' అని. ఆ కాగితం ముందే రాసి ఉంది. అందులో ఖాళీ వదిలిన చోట గంగరాజు గారు సంతకం పెట్టి కొమ్ము ఊదిస్తే అయిపోయినట్టే. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. కాగితం విప్పారు. మొదటి వాక్యం చదివి ఆగారు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగారు.

పాతికేళ్ళలో ఆ మనిషి ఒక్క ఉత్తరువు పక్కన పెట్టడం నేను చూడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచారు.

"నావల్ల కాదండి" అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన చెమట తుడుచుకుని, ఈసారి అందరికీ వినపడేలా అన్నారు. "చాలదన్నది నిజం. ఆ పిల్లకి చాలదు. మరి ఆ పెట్టెకి, కాదన్న మాట ఒక్కటి కూడా తెలీదు. దానికి దేశాన్ని అప్పగించడం నావల్ల కాదండి. నన్ను తీసెయ్యండి, ఏమైనా చెయ్యండి."

అలా కాదన్నప్పుడు ఏం చెయ్యాలో మా చట్టాల్లో ఎక్కడా లేదు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుసగుసలు మొదలై గోలగా మారాయి. ఆ గోలలో మంగతాయారు లేచి నిలబడి, ముక్కు ఎగబీల్చి, "ఇప్పుడేం చేద్దారండి?" అని సభనే అడిగింది.

ఎవరూ నవ్వలేదు. మొదటి జవాబు ముందు వరస నుంచే వచ్చింది.

"ముందు కూకోమ్మా" అంది పల్లాలమ్మ. "మా లంక కడియం సంగతి తేల్చి, ఆనక మిగతాది సూద్దాం."

మంగతాయారు కూర్చుంది. సభ కడియం గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను కలం తీసుకున్నాను.